పేరు కుట్టిన దుప్పటి

అందరికీ నమస్కారం. సెలవు రోజైనా ఇంతమంది వచ్చారు, చాలా సంతోషం. వంశవృక్షాల గురించి మాట్లాడమన్నారు కదా అని రాజులూ జమీందార్ల సంగతులు చెప్తాననుకోకండి. నేను చెప్పబోయేది ఒక దొంగతనం గురించి, అదీ దొంగ వైపు నుంచి కాదు, ఇంట్లో సొమ్ము పోగొట్టుకున్న ఆవిడ వైపు నుంచి.

1783 ఫిబ్రవరి. ఇంగ్లండ్‌లో తూర్పు వైపున నార్ఫోక్ అనే ప్రాంతం, అందులో ఆల్బరో అనే పల్లె. అబిగెయిల్ హాంబ్లింగ్ అనే ఆవిడ ఇంట్లో లేని సమయం చూసి ముగ్గురు దొంగలు పడ్డారు. పడ్డం అంటే అలా ఇలా కాదు, ఇల్లంతా ఊడ్చుకుపోయారు. మంచాలకు కట్టిన తెరలు విప్పుకున్నారు, జాడీల్లో ఊరబెట్టిన మాంసం కూడా తోడుకుపోయారు, పైగా ఖాళీ వైన్ సీసాలు అక్కడే వదిలేశారు, అంటే తీరిగ్గా కూర్చుని తాగి మరీ వెళ్లారన్నమాట. ఆ జాడీల సంగతి మొదటిసారి చదివినప్పుడు మా ఇంటి ఆవకాయ జాడీ కళ్లముందు మెదిలి కడుపులో దేవినట్టయింది నాకు. డబ్బు పోతే ఒక బాధ. ఎన్నో రోజులకని దాచుకున్న తిండిలో ఎవడో చెయ్యి పెట్టి తోడుకుపోతే అది వేరే బాధ.

మంచానికి తెరలేంటి అంటారా? ఆ చలిదేశంలో నాలుగు వైపులా మందపాటి గుడ్డ కట్టుకుని, లోపల వెచ్చగా పడుకునేవారు. చాలా ఇళ్లలో అన్నిటికంటే ఖరీదైన సామాను పరుపూ మంచమూ ఆ తెరలే.

దొంగల్లో ఒకడు హెన్రీ కేబుల్, ఇరవయ్యేళ్ల కుర్రాడు. మిగతా ఇద్దరిలో ఒకరు అతని తండ్రి, ఇంకొకడు ఏబ్రహం కార్మన్. ముగ్గురికీ ఉరిశిక్ష పడింది. పెద్దవాళ్లిద్దర్నీ ఉరితీశారు, కుర్రాడి శిక్షని ద్వీపాంతరవాసంగా మార్చారు. అతను 1788లో మొదటి ఖైదీల ఓడల్లో ఆస్ట్రేలియా చేరాడు, తర్వాత వ్యాపారం చేసి బాగా సంపాదించాడు కూడా. మా పూర్వీకుడు ఫలానా అని అతని వారసులు ఇవాళ గర్వంగా చెప్పుకుంటారు. చెప్పుకోనివ్వండి, అందులో తప్పేం లేదు. కానీ అబిగెయిల్ గురించి ఎవరు చెప్తారు? నన్ను వదలని ప్రశ్న ఇదే.

అప్పట్లో పోలీసులు లేరు. లండన్‌కే పోలీసు దళం వచ్చింది 1829లో. పల్లెల్లో జీతం లేని కానిస్టేబుల్ ఒకడుండేవాడు, అతనూ ఊరివాడే. ఇంట్లో దొంగతనం జరిగితే ఆరా తీయడం, సాక్షుల్ని కూడగట్టడం, మేజిస్ట్రేటు దగ్గరికి పరిగెత్తడం, ఆరోపణపత్రం రాయించి గుమాస్తాకి ఫీజు కట్టడం, అన్నీ పోగొట్టుకున్నవాళ్ల నెత్తినే. 1752 తర్వాత, శిక్ష పడితే, అదీ బీదవాళ్లకైతే, కోర్టు ఖర్చు కొంత ఇప్పించొచ్చు అన్నారు. ఇంత టెన్షన్ భరించలేక ఎంతమంది పోతేపోయిందని ఊరుకుని ఉంటారో ఊహించండి.

చట్టం మాత్రం కత్తిలాంటిది. రాత్రిపూట ఇల్లు పగలగొట్టి దొంగతనానికి దూరితే ఉరే. రాత్రి అంటే గడియారం చూసి కాదు, ఎదుటి మనిషి ముఖం ఆనవాలు పట్టేంత పగటి వెలుగు లేకపోతే రాత్రి. వెన్నెల లెక్కలోకి రాదు. 1713 నుంచి, ఇంట్లో 40 షిల్లింగులు, అంటే రెండు పౌండ్ల విలువైన సొమ్ము దొంగిలించినా ఉరే. అందుకే జూరీలు కళ్లెదుట అంతకంటే ఎక్కువ సొమ్ము కనిపిస్తున్నా 39 షిల్లింగులే అని తీర్పు చెప్పేవారు, ప్రాణం కాపాడ్డానికి. ఆ అబద్ధమంటే నాకు చాలా గౌరవం.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను. ఆరోపణపత్రంలో పోయిన ప్రతి వస్తువూ విలువతో సహా రాయాలి. గౌను, పెట్టీకోటు, రాగి కెటిల్, వెండి చెంచాలు, దుప్పట్లు. మామూలు జనం ఇంట్లో ఏముండేదో ఇంత వివరంగా చెప్పే కాగితాలు చాలా తక్కువ. కొన్నేళ్ల క్రితం మా ఇంట్లో దొంగలు పడ్డప్పుడు స్టేషన్లో లిస్టు రాయమన్నారు. బంగారం రెండు లైన్లలో అయిపోయింది, మా అమ్మ మాత్రం పుట్టింటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి బిందె, అమ్మమ్మ పేరు కొట్టించిన గిన్నెలు రాయమని పట్టుబట్టింది. బంగారం, డబ్బు రాస్తే చాలమ్మా అన్నారక్కడ. ఆ లిస్టులో మా అమ్మమ్మ లేదు.

ఇంగ్లండ్ ఆడవాళ్లు దుప్పట్ల అంచున దారంతో తమ పేరులోని మొదటి అక్షరాలు కుట్టుకునేవారు. ఆ కుట్టే కోర్టులో సాక్ష్యం. దుప్పటి పట్టుకుని ఇది నాదే, ఈ కుట్టు నా చేతిదే అని చెప్పేవారు. మన గిన్నెల మీద పేరు కొట్టించడం లాంటిదే కదా!

కాబట్టి ఇంగ్లండ్ మూలాలున్న కోడలో అల్లుడో మీ ఇంట్లో ఉంటే, వాళ్ల పూర్వీకుల కోసం ముద్దాయిల పేర్లు మాత్రమే వెతక్కండి, బాధితుల పేర్లూ వెతకండి. లండన్‌లో జరిగినవైతే ఓల్డ్ బెయిలీ కోర్టు విచారణలు 1674 నుంచి 1913 దాకా నెట్‌లో ఉచితంగా దొరుకుతాయి, బాధితుల పేరుతోనూ వెతకొచ్చు. పల్లెల కేసులకి లండన్ దగ్గర క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్, అంటే ప్రభుత్వ పాత కాగితాల భాండాగారం, ఆనాటి స్థానిక పత్రికలు చూడాలి. 1733కి ముందువైతే కోర్టు రికార్డులు లాటిన్‌లో ఉంటాయి. ఇంకొకటి, పెళ్లయిన ఆడదాని బట్టలు కూడా కాగితంలో మొగుడి సొత్తుగానే ఉంటాయి, కాబట్టి ముత్తవ్వ కోసం ముత్తాత పేరు వెతకాలి. అబిగెయిల్ ఇల్లు ఆవిడ పేరునే ఉందంటే సంసారం ఆవిడే నడుపుకునేదని నేననుకుంటున్నాను.

హెన్రీ కేబుల్ సంగతి ఇంకొక్కటి చెప్పాలి. జైల్లో అతనికి సుసానా హోమ్స్ అనే ఖైదీ పరిచయమైంది, బిడ్డ పుట్టాడు. ఆ కుటుంబం మీద జాలిపడి జనం చందాలు వేసి 20 పౌండ్లు పోగుచేశారు, ఆ డబ్బుతో సామాన్లు కొని ఓడలో పంపారు. ఆ మూట దారిలో పోయింది. 1788 జూలైలో భార్యాభర్తలు ఓడ కెప్టెన్ మీద దావా వేశారు. ఆస్ట్రేలియాలోని ఆ ఖైదీల కాలనీలో అదే మొదటి సివిల్ కేసు. 15 పౌండ్లు కట్టమని కోర్టు తీర్పు ఇచ్చింది.

అబిగెయిల్‌కి అలాంటి దారి లేదు. దొంగకి శిక్ష పడితే, దొరికిన సామాను ఇంటికొస్తుంది, దొరకనిది పోయినట్టే. జాడీల్లో మాంసానికీ తాగేసిన వైన్‌కీ ఎవరూ లెక్క కట్టివ్వరు. అది ఫిబ్రవరి నెల, మంచానికి తెరలు లేవు.

నేను చెప్పాలనుకున్నది ఇంతే. పాత లిస్టులు, పేర్లు కొట్టించిన గిన్నెలు తెచ్చినవాళ్లు ముందు బల్ల మీద పెట్టండి, టీ తాగుతూ చూద్దాం.