బాథర్స్ట్ మూల మీద టోల్ ఇల్లు

చెల్లి: టోరంటో వెళ్లొచ్చినవాళ్లు సీఎన్ టవర్ కబుర్లు చెప్తారు. నువ్వేంటన్నయ్యా, చెక్క గుడిసె అంటావు!

అన్నయ్య: గుడిసె కాదే, టోల్ వసూలు చేసేవాళ్ల ఇల్లు. బాథర్స్ట్, డావెన్‌పోర్ట్ రోడ్లు కలిసేచోట ఉంది. 1835 ప్రాంతంలో కట్టారు. గేటు పక్కనే కాపురం. బండి వచ్చినా, పశువుల మంద వచ్చినా లేచి గేటు తియ్యాల్సిందే.

చెల్లి: మన పంతంగి టోల్‌ప్లాజా, ఫాస్టాగ్ లేకుండా!

అన్నయ్య: సంక్రాంతి రద్దీ కూడా లేకుండా. అప్పట్లో వానొస్తే రోడ్డంతా బురద. అందుకే 1835-36లో టోరంటోకు తూర్పున కింగ్‌స్టన్ రోడ్డు మీద చెక్కలు పరిచారు. ఉత్తర అమెరికాలో అదే మొదటి చెక్క రోడ్డంటారు. కింద పొడుగ్గా దూలాలు, వాటి మీద అడ్డంగా మందపాటి పలకలు. చుట్టూ అడవులే, కలపకి కొదవేముంది? అది చూసి న్యూయార్క్ రాష్ట్రం వాళ్లు కూడా 1846లో సిరక్యూస్ దగ్గర ఒకటి వేశారు.

చెల్లి: మరి ఇప్పుడవేవీ కనబడవేం?

అన్నయ్య: తడి నేల మీద చెక్క ఎన్నాళ్లుంటుంది? పదేళ్లు లెక్కేసుకుంటే, చాలాచోట్ల నాలుగైదేళ్లకే కుళ్లిపోయింది. టోల్ డబ్బులు రిపేర్లకే చాలక కంపెనీలు చేతులెత్తేశాయి.

చెల్లి: ఇల్లు కూడా చెక్కే కదా?

అన్నయ్య: చెక్కే. పలకలు నిలువుగా నిలబెట్టి కట్టారు. తర్వాత దాన్ని పక్క వీధికి జరిపి మామూలు ఇల్లుగా వాడుకున్నారు. మనుషులున్న ఇంట్లో కప్పు కారితే ఎవరో ఒకరు పట్టించుకుంటారుగా? నన్నడిగితే, మ్యూజియం వాళ్లకంటే ముందు దాన్ని కాపాడింది అందులో ఉన్నవాళ్లే. 1990ల్లో కూల్చేస్తారన్నప్పుడు కమ్యూనిటీ హిస్టరీ ప్రాజెక్ట్ అనే స్థానిక సంస్థ అడ్డం పడింది. 1996లో ట్రామ్ షెడ్ల స్థలానికి, 2002లో ఇప్పుడున్న పార్కుకి తరలించారు. బాగుచేసి 2008 జులై 1న, కెనడా డే రోజున మ్యూజియంగా తెరిచారు.

చెల్లి: ఇన్నిసార్లు కదిలిస్తే అది ఆ ఇల్లేనంటావా?

అన్నయ్య: అదే ఇల్లు. పైగా తిరిగి డావెన్‌పోర్ట్ రోడ్డు మీదికే వచ్చింది. ఆ రోడ్డు ఇంకా పాతది. యూరోపియన్లు రాకముందే అక్కడి ఆదివాసులు నడిచిన బాట. అందుకే టోరంటోలో మిగతా వీధులు గీత గీసినట్టుంటే ఇది వంకరగా పోతుంది. గెటె-ఒనిగమింగ్ అని వాళ్ల భాషలో ఆ బాట పేరు కూడా వీధి బోర్డుల మీద రాశారు.

చెల్లి: ఊరికే నడిచిన బాటకి గేటు పెట్టి డబ్బులడిగారా!

అన్నయ్య: అడిగారు. టోల్ ఎగ్గొట్టడానికి పక్క దారులు వెతికినవాళ్లు అప్పుడూ ఉన్నారు లే.