ఎర్రగా కదిలే నీళ్లు: పోరుమామిళ్ల చెరువులో ఫ్లై ఫిషింగ్

హోస్ట్: అన్నా, పోయినసారి ఒక మాట చెప్పి ఆపేశారు. చెరువులోకి కొత్తనీళ్లు వచ్చాక అంచుల్లో గాలం వేయనన్నారు. చేపలు ఒడ్డుకొచ్చేదే అప్పుడు కదా?

అతిథి: అందుకే వేయను తమ్ముడూ. అవి వచ్చేది గుడ్లు పెట్టడానికి. మోకాలిలోతు నీళ్లలో, తుంగ మధ్య, కొర్రమీను జంట గడ్డిని పక్కకు నెట్టి గుండ్రంగా చోటు చేసుకుంటుంది. తేనెరంగు గుడ్లు పైన తేలుతుంటాయి. ఒకటి రెండు రోజుల్లో పిల్లలవుతాయి. ఆ పిల్లల గుంపును ఎప్పుడైనా చూశావా?

హోస్ట్: లేదన్నా.

అతిథి: కట్టకు దూరంగా, నీళ్లు పలచబడే చోట కదలకుండా నిలబడాలి. అన్నం పళ్లెమంత మేర నీళ్లు ఎర్రగా కనబడతాయి. మబ్బు లేకపోయినా వాటిమీద సన్నటి చినుకులు పడుతున్నట్టుంటుంది. ఎర్రటి పిల్లలు పైకొచ్చి పోతుంటాయి. కిందే జానెడు లోతులో నల్లగా తల్లో తండ్రో. కాసేపటికి అదీ పైకొచ్చి ఒక గుక్క గాలి పీల్చుకుని బుడుంగుమని దిగిపోతుంది.

హోస్ట్: అప్పుడు ఎరగా ఫ్లై వేస్తే?

అతిథి: వెంటనే కొడుతుంది. ఆకలితో కాదు, పిల్లల దగ్గరికొచ్చిందని కోపంతో. కొత్తలో నేనూ అదే చేశా. ఈకలతో కట్టిన ఫ్లైకి బరువుండదు కదా, లైన్, అంటే గాలపు దారం, దాని బరువే ఫ్లైని మోసుకుపోవాలి. వెనక్కి విసిరి, లైన్ పూర్తిగా చాచుకునేదాకా ఆగి, అప్పుడు ముందుకు. నెలరోజులు మిద్దెమీద ప్రాక్టీస్ చేశా. ఆ రోజు ఫ్లై సరిగ్గా ఎర్రమచ్చ పక్కనే పడింది. ఎంత సంబరమో! చేపను పట్టి ఫోటోలు దిగా. తిరిగి చూస్తే తిలాపియా చేపలు గుంపులోకి చొరబడ్డాయి. చేపను వదిలేశాను గానీ, అప్పటికే ఆ మచ్చ సగం కూడా మిగల్లేదు. ఆ రాత్రి అన్నం సయించలేదు.

హోస్ట్: అమెరికాలో బాస్ చేపను గూడు మీదే పట్టడం వీడియోల్లో చూశా.

అతిథి: పడతారు. వసంతంలో నీళ్లు 15 డిగ్రీలు దాటాక లార్జ్‌మౌత్ బాస్ లోతు తక్కువ చోటికొస్తుంది. మగది తోకతో అడుగు ఊడ్చి గూడు చేసి, గుడ్లకు కాపలా కాస్తుంది. దాన్ని బయటికి లాగితే బ్లూగిల్ చేపలు గుడ్లమీద పడతాయి. కెనడాలోని ఒంటారియోలో చాలాచోట్ల జూన్ దాకా బాస్ పట్టనివ్వరు. నాకు ఆ పద్ధతే నచ్చింది.

హోస్ట్: మరి చేపలు గుడ్లు పెట్టే రోజుల్లో రాడ్ మూలన పెట్టేస్తారా?

అతిథి: ఎందుకు? కట్ట వైపు, లోతు ఉన్నచోట వేస్తా. గాలపు ముల్లుకు వెనక్కి తిరిగి ఉండే ఎదురుకొనను పట్టకారుతో నొక్కేస్తా, చేప నోరు చీలదు. 1369 నాటి చెరువది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించి, చెరువు ఎలా కట్టాలో శాసనంలో రాయించాడు. అంత పాత నీళ్లలో నిలబడితే తొందర ఉండదు తమ్ముడూ.

హోస్ట్: ఈమధ్య వెళ్లారా?

అతిథి: పోయిన ఆదివారం. ఎర్రమచ్చ మళ్లీ కనబడింది. ఇద్దరు పిల్లోళ్లు గాలాలతో వస్తుంటే పిలిచి చూపించా. పది నిమిషాలు గొంతుక్కూర్చుని చూశారు. చిన్నోడు "అన్నా, ఇవి పెద్దవయ్యేదానికి ఎన్ని రోజులు?" అన్నాడు. తల్లీతండ్రీ నెలరోజుల దాకా కాపలా కాస్తాయని చెప్పా. గాలాలు చుట్టుకుని కట్ట అవతలికి పోయారు.