ఆటలు తయారుచేసే కంప్యూటర్

శ్రోతలకు నమస్కారం.

కంప్యూటర్ షాపుకి వెళ్లి "గేమ్ డెవలప్‌మెంట్‌కి ఒక సిస్టం కావాలండీ" అని అడిగితే, చాలాచోట్ల వాళ్ల చెవిన పడేది "గేమ్" ఒక్కటే. చకచకా కొటేషన్ రాసిచ్చేస్తారు: బడ్జెట్‌లో సగం మింగేసే గ్రాఫిక్స్ కార్డు, రంగురంగుల లైట్లు వెలిగే ఫ్యాన్లు, 16 జీబీ ర్యామ్. వాళ్లని తప్పుపట్టలేం. వచ్చేవాళ్లలో ఎక్కువమంది ఆడుకోవడానికే కొంటారు మరి.

ఆట ఆడే కంప్యూటర్‌కి ముఖ్యమైన పని ఒక్కటే, సెకనుకి అరవయ్యో వందో బొమ్మలు గీసి తెరమీద చూపించడం. తయారుచేసే కంప్యూటర్‌లో ఆటని కూర్చే సాఫ్ట్‌వేర్ అయిన గేమ్ ఇంజిన్, కోడ్ రాసుకునే ఎడిటర్, బొమ్మలు చేసుకునే బ్లెండర్, బ్రౌజర్‌లో ఇరవై ట్యాబులు ఒకేసారి తెరిచి ఉంటాయి. పైగా కోడ్‌లో ఒక్క లైను మార్చినా అది కంపైల్ అయ్యేదాకా, అంటే కంప్యూటర్ నడపగలిగే రూపంలోకి మారేదాకా ఆగాలి. ఆటలోని గదిలో దీపం కాస్త జరిపితే ఆ వెలుగునీడల లెక్క తేలేదాకా ఆగాలి. మన డబ్బు ఆ ఎదురుచూపులు తగ్గించడానికి పోవాలి. ఏ పార్టు దగ్గరైనా నేను ముందు చూసేది అదే.

అసలు ఇప్పుడే కొనాలా అన్నది ఇంకో ప్రశ్న. గోడో అనే ఇంజిన్ ఉంది. ఉచితం, ఓపెన్ సోర్స్. దాంతో టూడీ ఆటలు చేసుకోవడానికి ఇంట్లో ఉన్న పాత ల్యాప్‌టాప్ చాలు. ఇంకా మొదటి ఆట కూడా పూర్తిచేయని వాళ్లకి నేను ఇచ్చే సలహా, ఆ ల్యాప్‌టాప్ మీద ఒక చిన్న ఆట పూర్తిచేసి అప్పుడు బజారుకి వెళ్లమని. హాస్టల్లో ఉండేవాళ్లయితే ల్యాప్‌టాప్‌తోనే సర్దుకోవడం మేలు. యూనిటీ అనే ఇంజిన్‌లో త్రీడీ మొదలుపెట్టారంటే బరువు పెరుగుతుంది. అన్‌రియల్ ఇంజిన్ 5 అయితే చెప్పక్కర్లేదు. దాన్ని తయారుచేసే ఎపిక్ కంపెనీయే 32 జీబీ ర్యామ్, గ్రాఫిక్స్ కార్డులో కనీసం 8 జీబీ మెమరీ ఉంటే మంచిదని చెబుతోంది.

ఇక ప్రాసెసర్. అన్‌రియల్‌లో కొత్త ప్రాజెక్టు మొదటిసారి తెరిచినప్పుడు, తెర కింద కుడి మూలన రంగులూ వెలుగులూ ఎలా గీయాలో గ్రాఫిక్స్ కార్డుకి చెప్పే షేడర్లనే చిన్న ప్రోగ్రాములు కంపైల్ అవుతున్నాయని ఒక చిన్న పెట్టె వస్తుంది. పక్కన ఒక అంకె. నాలుగువేల దగ్గరో అయిదువేల దగ్గరో మొదలై మెల్లగా దిగుతూ ఉంటుంది. ఆ సమయంలో టాస్క్ మేనేజర్ తెరిచి చూస్తే ప్రాసెసర్‌లోని కోర్లన్నీ, అంటే విడివిడిగా లెక్కలు చేసే భాగాలన్నీ, నూటికి నూరు శాతం పనిచేస్తుంటాయి. కోర్లు ఎన్ని ఎక్కువుంటే ఆ అంకె అంత తొందరగా దిగుతుంది. మన దగ్గర మొదటి ఆట ఎక్కువగా ఫోన్ కోసమే చేస్తారు, అక్కడా ఇదే కథ. 2019 నుంచి గూగుల్ ప్లేలో పెట్టే ఆప్‌లకి 64 బిట్ రూపం తప్పనిసరి. దానికోసం యూనిటీ మనం రాసిన సీ షార్ప్ కోడ్‌ని ముందు సీ ప్లస్ ప్లస్‌లోకి మార్చి, ఆ తర్వాత కంపైల్ చేస్తుంది. టీ తాగొచ్చినా అవ్వని బిల్డ్ అంటే అదే. అందుకని 6 కోర్ల దగ్గర ఆగకుండా, వీలైతే 8 కోర్లున్నది తీసుకోండి. ఏఎమ్‌డీలో రైజన్ 7 7700 లాంటిది చక్కగా సరిపోతుంది. పేరు చివర ఎక్స్3డీ అని ఉండే ప్రాసెసర్లు ఆటలు ఆడేవాళ్లకి బంగారం. కంపైల్ చేసేవాళ్లకి మాత్రం అదే డబ్బుతో వచ్చే ఎక్కువ కోర్లే లాభం.

ఇంటెల్‌లో 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్లకి ఒక హెచ్చరిక. వోల్టేజీ అవసరానికి మించి అందడంవల్ల వాటిలో కొన్ని దెబ్బతింటున్నాయని 2024లో ఇంటెల్ ఒప్పుకుంది, మదర్‌బోర్డులో ఉండే బయోస్ అనే సాఫ్ట్‌వేర్‌కి అప్‌డేట్ ఇచ్చింది, వారంటీ రెండేళ్లు పొడిగించింది. విచిత్రమేమిటంటే, ఆ లోపం చాలామందికి బయటపడింది అన్‌రియల్‌తో చేసిన ఆటల్లో షేడర్లు కంపైల్ అయ్యేటప్పుడే. అప్‌డేట్ వేశాక ముందు జరిగిన నష్టం వెనక్కి రాదు కాబట్టి, వాడేసిన ముక్క అయితే వద్దనే అంటాను.

ఇంటెల్‌లో పేరు చివర ఎఫ్ అనే అక్షరం ఉంటే ఆ ప్రాసెసర్‌లో సొంత గ్రాఫిక్స్ ఉండవు. కాస్త చవగ్గా వస్తుందని షాపువాళ్లు అదే చూపిస్తారు. ఎఫ్ లేనిదే అడగండి. గ్రాఫిక్స్ కార్డు వారంటీకి పోయిన రోజుల్లో పని ఆగదు. ఇంకో లాభం కూడా ఉంది. మీ ఆట నాసిరకం గ్రాఫిక్స్ మీద ఎలా నడుస్తుందో కేబుల్ మార్చి అక్కడికక్కడే చూసుకోవచ్చు.

ర్యామ్ 32 జీబీ. పదహారు పదహారుగా రెండు స్టిక్కులు వేస్తే ప్రాసెసర్‌కీ ర్యామ్‌కీ మధ్య ఉండే రెండు దారులూ, అంటే చానళ్లూ, వాడుకలోకి వస్తాయి. డీడీఆర్5 అనే ఇప్పటి రకం ర్యామ్‌లో నాలుగు స్లాట్లూ నింపితే స్పీడు పడిపోతుంది కాబట్టి, "ముందు రెండు, తర్వాత ఇంకో రెండు" అనే పాత లెక్క ఇప్పుడు అంత బాగా పనిచేయదు. 64 అవసరమని ముందే తెలిస్తే ముప్పైరెండువి రెండు కొనాలి. కానీ ఏఐ డేటా సెంటర్ల గిరాకీతో 2025 చివర్లో మెమరీ ధరలు మండిపోయాయి. మొదటి కంప్యూటర్‌కి 32 దగ్గర ఆగడమే తెలివి.

ఇప్పుడు గ్రాఫిక్స్ కార్డు. అందరూ దీంతోనే మొదలుపెడతారు, నేను వెనక్కి నెట్టాను. ఇక్కడ వేగంకంటే ముందు మెమరీ చూడండి. 8 జీబీ ఉన్న వేగమైన కార్డుకంటే 12 లేదా 16 జీబీ ఉన్న మామూలు కార్డు మేలు. ఎడిటర్, బ్లెండర్ ఒకేసారి తెరిస్తే ఆ మెమరీని రెండూ పంచుకుంటాయి మరి. 2021లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3060, 12 జీబీది, ఇందుకే ఇప్పటికీ చెల్లుబాటవుతోంది. ఇంకోమాట. కంప్యూటర్ ఆటలు అమ్మే స్టీమ్ వాళ్లు తమ దగ్గర ఆడేవాళ్ల కంప్యూటర్ల వివరాలు ప్రతినెలా బయటపెడతారు. అందులో పైవరసలో కనిపించేది 3060, 4060 లాంటి మధ్యరకం కార్డులే. మీ ఆట కొనబోయేవాళ్ల దగ్గర ఉండేది అది. మీరు లక్షన్నర కార్డు మీద ఆట చేస్తే, వాళ్ల ఇంట్లో అది నత్తనడక నడుస్తోందని మీకు తెలిసేసరికి రివ్యూలు వచ్చేస్తాయి.

ఎస్‌ఎస్‌డీ ఎన్‌వీఎమ్‌ఈ అనే వేగమైన రకం, కనీసం ఒక టీబీ. ఖరీదైన అయిదో తరం అక్కర్లేదు. మానిటర్ 240 హెర్ట్జ్‌ది ఒకటి కొనే బదులు మామూలువి రెండు పెట్టుకోండి, ఒకదాంట్లో కోడ్, ఒకదాంట్లో ఆట.

మన ఊళ్లలో అసలు బుర్రపెట్టాల్సింది కరెంటు మీద, వేడిమీద. క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే, పార్టులన్నిటికీ కరెంటు అందించే ఎస్‌ఎమ్‌పీఎస్‌ని మర్యాదగా షాపులోనే వదిలేయండి. పేరున్న కంపెనీది 650 లేదా 750 వాట్లది విడిగా కొనండి. మీద 80 ప్లస్ అనే గుర్తు ఎంత కరెంటు వృథా కాకుండా వాడుతుందో మాత్రమే చెబుతుంది. లోపల సరుకు గట్టిదా కాదా అన్నది రివ్యూలు చదివే తెలుసుకోవాలి. యూపీఎస్ దగ్గర చాలామంది బోల్తాపడతారు. 600 వీఏ అని రాసి ఉన్నది సాధారణంగా ఇచ్చేది 360 వాట్లే. గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ రెండూ పూర్తిగా పనిచేస్తున్న సమయంలో కరెంటు పోయిందా, యూపీఎస్ కీచుమని అరిచి చేతులెత్తేస్తుంది. 1000 వీఏ పైన ఉన్నది చూడండి. క్యాబినెట్ మీద చెయ్యి ఆనిస్తే సన్నగా జివ్వుమంటోందంటే ఇంట్లో ఎర్తింగ్ సరిగా లేదన్నమాట. ఎలక్ట్రీషియన్‌ని పిలిచాకే మిగతా పని.

వేసవిలో రెంటచింతలలోనో రామగుండంలోనో బయట 45 డిగ్రీలుంటే, ఏసీ లేని గదిలో ఫ్యాన్లు ఎన్ని తిరిగినా లోపలికి వెళ్లేది ఆ వేడిగాలే. ప్రాసెసర్ 95 డిగ్రీల దగ్గరకి రాగానే తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. అంటే మీరు డబ్బుపెట్టి కొన్న ఎనిమిది కోర్లూ మే నెలలో మెల్లగా నడుస్తాయి. ముందువైపు అద్దం ఉన్న క్యాబినెట్ చూడటానికి బాగుంటుంది గానీ, జాలీ ఉన్నదే తీసుకోండి. దుమ్ము ఆపే ఫిల్టర్‌ని అప్పుడప్పుడూ దులపండి.

పార్టులు సికింద్రాబాద్‌లో కంప్యూటర్ షాపులుండే సీటీసీలో కొన్నా, ఆన్‌లైన్‌లో తెప్పించినా, జీఎస్టీ బిల్లు మీ పేరుమీద ఉండాలి, డబ్బాలు వారంటీ తీరేదాకా అటకమీద ఉండాలి.

బిగించేటప్పుడు, రైజన్ 7 7700 లాంటివి కూర్చునే ఏఎమ్5 బోర్డులో పిన్నులు ప్రాసెసర్‌కి కాక మదర్‌బోర్డు సాకెట్‌లోనే ఉంటాయి, అక్కడ వేలు తగలనివ్వకండి. అంతా అయ్యాక స్విచ్ వేస్తే మొదటిసారి కొన్ని నిమిషాలు తెర నల్లగానే ఉండొచ్చు. ర్యామ్‌ని పరీక్షించి సర్దుకుంటోంది అంతే, టెన్షన్ పడి స్విచ్ తీసేయకండి. ఎంతకీ బొమ్మ రాకపోతే హెచ్‌డీఎమ్ఐ కేబుల్ మదర్‌బోర్డుకి కాకుండా గ్రాఫిక్స్ కార్డుకే పెట్టారా చూడండి. తర్వాత బయోస్‌లోకి వెళ్లి ఎక్స్‌పో అనే సెట్టింగ్ ఆన్ చేయండి. అది చేయకపోతే 6000 స్పీడుదని కొన్న ర్యామ్ 4800 దగ్గరే ఉండిపోతుంది.