ప్లాన్ 300, టెస్టులో 94: మిగిలిన వేగం ఎక్కడ ఆగిపోతోంది?

[తెరపై: స్పీడ్ టెస్ట్ ముల్లు 94 దగ్గర ఆగుతుంది]

నెలనెలా 300 ఎంబీపీఎస్ ప్లాన్‌కు డబ్బు కడుతున్నారు. టెస్టు పెడితే 94 వస్తోంది. పొద్దున 94, మధ్యాహ్నం 93, అర్ధరాత్రి మళ్లీ 94. అంకె ఇంత నిలకడగా ఉందంటే ఒక రకంగా మంచిదే, దొంగ దాదాపు దొరికినట్టే. మీ ఇంటి లైన్లో ఎక్కడో 100 దాటనివ్వని పోర్టో (వైరు గుచ్చే చోటు), వైరో ఉంది.

ఫైబర్ డబ్బా వేరుగా, వైఫై రూటర్ వేరుగా ఉన్న ఇళ్లలో ఇది మామూలే. చాలా చవక రూటర్ల పోర్టులు 100 ఎంబీపీఎస్‌కే పరిమితం. ప్రతి ప్యాకెట్ మీద ఉండే చిరునామా వంటి వివరాలు అందులో ఐదారు శాతం తినేస్తాయి. మిగిలేది 94. రూటర్ మంచిదే అయితే ల్యాన్ కేబుల్ చూడండి. గిగాబిట్ (1,000 ఎంబీపీఎస్) వేగానికి అందులోని ఎనిమిది తీగలూ పనిచేయాలి. జాక్ బిగించినవాళ్లు నాలుగే కలిపి వదిలేసినా, ఒక తీగ తెగినా వేగం 100కు పడిపోతుంది. 300 ప్లాన్ అమ్మి 100 రూటర్ చేతిలో పెట్టడం నా దృష్టిలో సేవాలోపమే. గిగాబిట్ పోర్టున్న రూటర్ అడిగి తీసుకోండి.

[తెరపై: డౌన్‌లోడ్ విండో, సెకనుకు 37 ఎంబీ]

ఇక్కడ కంగారు పడేవాళ్లూ ఉన్నారు. కంపెనీ వేగాన్ని బిట్లలో చెబుతుంది, కంప్యూటర్ ఫైలును బైట్లలో చూపిస్తుంది. ఎనిమిది బిట్లు ఒక బైటు. 300 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 37.5 మెగాబైట్లు. కాబట్టి ఒక జీబీ సినిమా మూడు సెకన్లలో దిగదు, అంతా సవ్యంగా ఉన్నా 27 సెకన్ల దాకా పడుతుంది. ఇందులో మోసమేమీ లేదు.

[తెరపై: ఇంటి ప్లాన్, హాల్లో రూటర్, మధ్యలో బీరువా, చివర పడకగది]

ఇక వైఫై. ఫోనులో వైఫై పేరు మీద నొక్కి వివరాలు చూస్తే చాలా ఫోన్లలో లింక్ స్పీడ్ అని ఒకటి కనిపిస్తుంది. అక్కడ 72 అని ఉంటే సాధారణంగా మీరు 2.4 గిగాహెర్ట్జ్ తరంగాల పట్టీ మీద ఉన్నట్టు. ఆ 72 కూడా కాగితం మీది లెక్కే, చేతికి వచ్చేది 50 లోపే. ఈ పట్టీలో ఒకదానితో ఒకటి గొడవపడని చానళ్లు మూడే: 1, 6, 11. అపార్టుమెంటులో ముప్పై ఫ్లాట్ల రూటర్లు ఆ మూడింటి మీదే పడి కొట్టుకుంటుంటాయి. 5 గిగాహెర్ట్జ్‌కు మారితే అదే ఫోనులో లింక్ స్పీడ్ 433, 866 దాకా పోవచ్చు. కాకపోతే దానికి గోడలంటే పడదు. మధ్యలో ఇనుప బీరువా ఉంటే ఇక చెప్పనక్కరలేదు. టెక్నీషియన్ వైరు దూరిన కిటికీ పక్కనే, లేదా అటక మీద, రూటర్ పెట్టి వెళ్లిపోతాడు. అది అతనికి సులువు. పది మీటర్ల వైరు ఎక్కువ లాగించి ఇంటి మధ్యలో పెట్టించుకుంటే, పెద్ద ప్లాన్‌కు మారడం కంటే ఎక్కువ లాభం.

[తెరపై: ఒక ఫైబర్, స్ప్లిటర్, దాని నుంచి 32 ఇళ్లు]

ఇంట్లో అంతా సరిచేసుకున్నాక కూడా రాత్రి ఎనిమిది నుంచి పదకొండు దాకా నెట్ నీరసపడుతోందా? ఇప్పుడు వీధిలోకి రావాలి.

ఫైబర్ అంటే కంపెనీ ఆఫీసు నుంచి మన గుమ్మం దాకా మనకోసమే వేసిన తీగ అనుకుంటాం. అలా ఉండదు. ఇళ్లకు ఎక్కువగా వాడే జీపాన్ పద్ధతిలో ఒక ఫైబర్ సుమారు 2,488 ఎంబీపీఎస్ తెస్తుంది. స్తంభం మీది స్ప్లిటర్ దాన్ని 32 ఇళ్లకో, 64 ఇళ్లకో పంచుతుంది. 32 ఇళ్లకూ 300 చొప్పున అమ్మితే మొత్తం 9,600. ఉన్నదానికి దాదాపు నాలుగింతలు. అందరూ ఒకే క్షణంలో పూర్తిగా వాడితే ఇంటికి 78, 64 ఇళ్లయితే 39.

ఇది విని ఆవేశపడకండి. అందరూ ఒకేసారి అలా వాడరు. 4కే సినిమాకు నెట్‌ఫ్లిక్స్ అడిగేది 15 ఎంబీపీఎస్ మాత్రమే. ఈ పంపకం లేకపోతే నెలకు ఐదారు వందలకు ఫైబర్ రానే రాదు. అసలు ఇరుకు తరచుగా అంతకంటే పైన ఉంటుంది: స్థానిక ఆపరేటర్ పెద్ద కంపెనీ దగ్గర కొనే బ్యాండ్‌విడ్త్‌లో, అంటే మొత్తం నెట్ సామర్థ్యంలో. కస్టమర్లు పెరుగుతూ పోతారు, ఆ కొనుగోలు పెరగదు. క్రికెట్ మ్యాచ్ రోజున బయటపడుతుంది.

స్పీడ్ టెస్ట్ దీన్ని పట్టుకోలేకపోవచ్చు. టెస్ట్ యాప్ సాధారణంగా దగ్గర్లోని సర్వర్‌ను ఎంచుకుంటుంది, అది మీ కంపెనీదే కావచ్చు. అందుకే టెస్టులో 290, అమెరికా ఆఫీసు నెట్‌వర్క్‌కు కలిపే వీపీఎన్‌లో నత్తనడక. యూట్యూబ్ వీడియోలు కంపెనీ నెట్‌వర్క్‌లోనే దాచిపెట్టిన సర్వర్ల నుంచి వస్తాయి కాబట్టి అవి బాగానే ఆడతాయి, అనుమానం అసలు రాదు. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2006లో తెచ్చి, 2024లో కొత్తవి వచ్చేదాకా అమల్లో ఉంచిన నాణ్యతా నిబంధనల్లోనూ, కొన్న వేగంలో 80 శాతానికి పైగా అందాలన్న షరతు కంపెనీ నోడ్ (మన లైను కలిసే కంపెనీ కేంద్రం) నుంచి కస్టమర్ దాకానే పెట్టారు. నోడ్‌కు అవతలి దారి ఆ లెక్కలోకి వచ్చేది కాదు.

బ్రిటన్‌లో 2018 మే నుంచి, రాత్రి ఎనిమిది నుంచి పది మధ్య కనీసం సగం మంది కస్టమర్లకు అందే వేగాన్నే ప్రకటనలో వేయాలి. అంతకుముందు పది శాతం మందికి వస్తే సరిపోయేది. మన హోర్డింగులకు అవసరమైన నియమం ఇలాంటిదే.

[తెరపై: ల్యాన్ కేబుల్‌తో ల్యాప్‌టాప్]

ఫిర్యాదు చేసేముందు ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో నేరుగా రూటర్‌కు కలపండి. వైఫై ఆపేయండి, మిగతా ఫోన్లు, టీవీ కూడా. పొద్దున ఒకసారి, రాత్రి తొమ్మిదికి ఒకసారి, వేరే ఊరి సర్వర్‌తో ఒకసారి కొలిచి స్క్రీన్‌షాట్లు తీసుకోండి. అన్‌లిమిటెడ్ ప్లాన్ అయితే నెలకు 3,300 జీబీ వంటి పరిమితి దాటారేమో యాప్‌లో చూడండి, దాటాక వేగం తగ్గించేస్తారు.

కేబుల్ మీద కూడా తక్కువ వస్తుంటే ఫోన్ చేయండి. "సార్, రూటర్ ఆఫ్ చేసి ఆన్ చేయండి" అంటారు, చేయండి. తర్వాత డాకెట్ నంబరు (ఫిర్యాదు నమోదు సంఖ్య) అడగండి, అది లేని ఫిర్యాదు ఫిర్యాదు కాదు. పరిష్కారం నచ్చకపోతే అదే కంపెనీలోని అప్పీలు విభాగానికి వెళ్లవచ్చు. ట్రాయ్ వ్యక్తిగత ఫిర్యాదులను నేరుగా పరిష్కరించదు కాబట్టి ఆ అప్పీల్లో మీ చేతిలో ఉండేవి ఆ నంబరూ, తొమ్మిది గంటల స్క్రీన్‌షాటూ.