రందికి ఒక బెంచీ

శ్రోతలకు నమస్కారం.

మా అమ్మమ్మది నల్లగొండ వైపు పల్లె. పొద్దుగూకాక అరుగు మీద ఎవరైనా గడ్డం కింద చెయ్యి పెట్టుకుని కూచుంటే, వెళ్లి పక్కన చేరి, "ఏం రంది పెట్టుకున్నవే బిడ్డా" అనేది. రంది. కోస్తా శ్రోతలు బెంగ అంటారు, దిగులు అంటారు. డాక్టరు చీటీలో ఈ మాట ఉండదు, డిప్రెషన్ అని ఉంటుంది. డిప్రెషన్ అనగానే అదేదో పట్నం జబ్బు, తీరిక ఉన్నవాళ్ల జబ్బు అనుకుంటాం. రంది అంటే మాత్రం అందరికీ తెలుసు. అందులో అప్పు ఉంటుంది, ఎండిపోయిన బోరు ఉంటుంది, కట్టాల్సిన ఫీజు ఉంటుంది.

ఇలాంటి మాటే ఆఫ్రికాలో, జింబాబ్వే దేశంలో ఒకటుంది. షోనా భాషలో కుఫుంగిసీసా అంటారు. అంటే అతిగా ఆలోచించడం. "ఆమెకు ఆలోచన ఎక్కువైంది" అని మనం అంటాం కదా, అచ్చం అదే. ఈ రోజు మీకు ఆ కుఫుంగిసీసా కోసం వేసిన ఒక బెంచీ కథ చెబుతాను. మామూలు చెక్క బెంచీ.

2005లో రాజధాని హరారేతో పాటు జింబాబ్వే పట్టణాల్లో ప్రభుత్వం పేదల గుడిసెలు, చిన్న చిన్న దుకాణాలు కూలగొట్టించింది. ఇల్లో, బతుకుతెరువో పోగొట్టుకున్నవాళ్లు ఏడు లక్షల మంది అని ఐక్యరాజ్యసమితి లెక్కగట్టింది. దేశం మొత్తానికి మానసిక వైద్యులు పది, పన్నెండు మంది. వాళ్లలో ఒకరు డాక్టర్ డిక్సన్ చిబాండా. ఆ ఏడే ఆయన దగ్గర వైద్యం చేయించుకుంటున్న ఒక అమ్మాయి ప్రాణం తీసుకుంది. ఆసుపత్రికి ఎందుకు తీసుకురాలేదమ్మా అని తల్లిని అడిగితే, బస్సు ఛార్జీకి డబ్బులు లేవంది. పదిహేను డాలర్లు. డాక్టరు ఉన్నాడు, మందులున్నాయి, అమ్మాయికి రావాలనీ ఉంది. లేనిది బస్సు ఛార్జీ.

ఆసుపత్రిలో కూచుని జనం రావాలని చూస్తే లాభం లేదని చిబాండాకు అప్పుడు అర్థమైంది. హరారేలో ఎంబారే అనే పేదల పేట ఉంది. అక్కడి క్లినిక్‌లో ఏదైనా చేస్తానని అడిగితే, గది లేదన్నారు. నర్సులను ఇవ్వలేమన్నారు. డబ్బు ఎలాగూ లేదు. చివరికి ఆయనకు దొరికింది పద్నాలుగు మంది అవ్వలు. నిజంగానే అవ్వలు, మనవలను ఎత్తుకున్నవాళ్లు. పేటలో ఆరోగ్య కార్యకర్తలుగా తిరిగేవాళ్లు, మన ఆశా కార్యకర్తల్లాగా అనుకోండి. గది లేదు కాబట్టి బయట చెట్టు కింద బెంచీ వేశారు. అది 2006.

నాకు బాగా నచ్చిన ముక్క ఇక్కడుంది. డాక్టరుగారు మొదట దానికి మానసిక ఆరోగ్య బెంచీ అని పేరు పెట్టారట. అవ్వలు కుదరదన్నారు. ఆ పేరు పెడితే ఎవరు కూచుంటారయ్యా, పిచ్చివాళ్ల బెంచీ అనుకుంటారు, స్నేహపు బెంచీ అను అన్నారు. ఆయన విన్నారు. మన దగ్గర అధికారులు ఎంతమంది వింటారో నాకు తెలియదు.

మరి బెంచీ మీద ఏం జరుగుతుంది? క్లినిక్‌కు వచ్చినవాళ్లను పద్నాలుగు ప్రశ్నలు అడుగుతారు. ఈ వారంలో ఆలోచన ఎక్కువైందా, నిద్ర పట్టలేదా, చిన్న విషయానికే కోపం వచ్చిందా, కడుపులో నొప్పి వచ్చిందా, ఇలాంటివి. 1990లలో హరారేలో ఈ ప్రశ్నలను తయారుచేసిన వాళ్లలో మన దేశపు సైకియాట్రిస్టు డాక్టర్ విక్రమ్ పటేల్ ఉన్నారు. ఆయన తర్వాత గోవాలో సంగాత్ అనే సంస్థను స్థాపించిన వాళ్లలో ఒకరు. అవునన్న జవాబులు ఎక్కువైతే మనిషిని బెంచీ దగ్గరికి పంపుతారు. అవ్వ పక్కన కూచుంటుంది. ఎదురుగా కాదు, పక్కన. మొదట వింటుంది. ఆ మనిషి పది కష్టాలు చెబుతుంది. అన్నీ విన్నాక అవ్వ అడుగుతుంది, వీటిలో ముందు దేని సంగతి చూద్దాం అని. ఒక్కటే. ఆ ఒక్కదానికి ఏమేం చేయొచ్చో ఇద్దరూ కలిసి ఆలోచిస్తారు. వారంలో చేయగలిగిన చిన్న పని ఒకటి అనుకుంటారు. మళ్లీ రా, ఏమైందో చెప్పు. ఇలా ఆరు సార్లు. ప్రాణం తీసుకోవాలనిపిస్తోందని ఎవరైనా అంటే, అవ్వ తన దగ్గరే పెట్టుకోదు, పైవాళ్లకు చెబుతుంది.

ఆరు సార్లూ అయ్యాక ఒక గుంపులో చేరతారు. అందరూ బెంచీ మీద కూచుని వచ్చినవాళ్లే. పాత ప్లాస్టిక్‌తో సంచులు అల్లుతారు. చేతులు అల్లుతుంటాయి, నోళ్లు మాట్లాడుతుంటాయి, అమ్మితే నాలుగు డబ్బులు వస్తాయి. డబ్బు విడిగా, మనసు విడిగా పెట్టలేదు చూశారా, కథలో నాకు ముఖ్యమైంది అదే.

ఇది పనిచేసిందా అంటే, చేసింది. హరారేలోని 24 క్లినిక్‌లలో, 573 మందితో పరీక్ష పెట్టారు. ఫలితాలు 2016లో అమెరికా వైద్య సంఘం పత్రికలో వచ్చాయి. ఆరు నెలల తర్వాత చూస్తే, మామూలు వైద్యం అందినవాళ్లలో దాదాపు సగం మందికి డిప్రెషన్ లక్షణాలు ఇంకా ఉన్నాయి. బెంచీ మీద కూచున్నవాళ్లలో నూటికి 14 మందికే.

ఇక మన సంగతి. నేను బ్యాంకులో ఫీల్డ్ ఆఫీసరుగా చాలా ఏళ్లు మహిళా సంఘాలతో తిరిగాను. మన ఊళ్లలో బెంచీలు వేయక్కర్లేదు, చాపలు ఉన్నాయి. నెలకు రెండుసార్లు పదిమంది ఆడవాళ్లు చాప మీద కూచుంటారు. సమావేశం, పొదుపు, అంతర్గత అప్పు, కిస్తీ, పుస్తకాలు, ఇవి పంచసూత్రాలని మేమే నేర్పించాం. నీ సంగతేమిటి అని అడగడం ఆ ఐదింటిలో లేదు.

ఒక సంఘంలో ఒకామె రెండు సమావేశాలకు రాలేదు. మినిట్స్ పుస్తకంలో ఆమె పేరు ఎదురుగా "గైర్హాజరు, జరిమానా 10" అని రాయించింది నేనే. రెండుసార్లూ రాయించాను. మూడోసారి వచ్చింది, కొంగు ముడి విప్పి ఇరవై రూపాయలు పెట్టి, తలుపు దగ్గర కూచుంది. భర్త మహారాష్ట్రలోని భీవండి మగ్గాలకు వెళ్లి డబ్బు పంపడం లేదని, ఆమెకు నెల రోజులుగా నిద్ర లేదని నాకు ఆరు నెలల తర్వాత తెలిసింది. ఆ రోజు నేను నోట్లు లెక్కపెట్టి రసీదు ఇచ్చాను.

సంఘం ఉంటే చాలు, అన్నీ బాగవుతాయని నేను చెప్పను. మైక్రో ఫైనాన్స్ అప్పులకు గ్రూపంతా జామీను. ఒకామె కిస్తీ కట్టకపోతే, తోటి ఆడవాళ్లే ఆమె గుమ్మం ముందు కూచున్న రోజులు చూశాం. 2010 అక్టోబరులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ అప్పుల వసూళ్లను అదుపు చేయడానికి ఆర్డినెన్స్ తెచ్చేదాకా వచ్చింది వ్యవహారం. అదే చాప, అదే ఆడవాళ్లు. ఓదార్చేదీ వాళ్లే, టెన్షన్ పెట్టేదీ వాళ్లే.

వికారాబాద్ జిల్లాలో 2017లో రైతుల కోసం కిసాన్ మిత్ర అనే హెల్ప్‌లైన్ పెట్టారు. రైతు ఫోన్ చేసి నా మనసు బాగాలేదు అనడు కదా. పాస్‌బుక్కు రాలేదంటాడు, పంట రుణం రాలేదంటాడు. పాస్‌బుక్కు గురించి మాట్లాడితేనే రంది బయటికి వస్తుంది.

సంఘం అక్కచెల్లెళ్లు వింటుంటే, ఒక్క పని చెబుతాను, ఒక్కటే. ఈసారి ఎవరైనా వరసగా రెండు సమావేశాలకు రాకపోతే, జరిమానా రాసేముందు ఇద్దరు ఆమె ఇంటికి వెళ్లండి. పక్కన కూచోండి. కిస్తీ మాట ఎత్తకండి. చెప్పుకున్నంతసేపు చెప్పనివ్వండి, మధ్యలో మీ కథ మొదలుపెట్టకండి. మనందరికీ ఆ అలవాటుంది, నాకు మరీ ఉంది. చివర్లో అడగండి, ముందు ఏది తీరితే నీకు కాస్త నిద్ర పడుతుంది అని. అది రేషన్ కార్డు కావచ్చు, పింఛను కావచ్చు. మర్నాడు ఆ పని మీద ఆమెతో ఒకరు వెళ్లండి.

బతకాలని లేదు అని ఆమె అంటే తిట్టకండి, ఒట్లు వేయించకండి. ఒంటరిగా వదలకండి. టెలి మానస్‌కు ఫోన్ చేయండి. ఈ సర్కారు హెల్ప్‌లైన్ 2022లో వచ్చింది. డబ్బులు పడవు, రాత్రీ పగలూ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. నంబరు 14416. మినిట్స్ పుస్తకం అట్ట లోపలివైపు రాసి పెట్టుకోండి. మళ్లీ చెబుతున్నాను: ఒకటి, నాలుగు, నాలుగు, ఒకటి, ఆరు.