దీనికి ఏం తక్కువైంది? బ్రాడ్‌ఫర్డ్ మ్యూజియంలో ఫొటో, సినిమా, టీవీ

[తెరపై: గళ్ల కిటికీ కనిపించే చిన్న కాగితం]

తపాలా బిళ్లంత కాగితం ఇది. దీని మీద ఉన్నది ఇంగ్లండ్‌లోని లేకాక్ అబ్బే అనే పాత భవనంలో ఓ కిటికీ. 1835 ఆగస్టులో విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ తీశారు. ఇప్పటిదాకా మిగిలిన ఫొటో నెగెటివ్‌లలో అన్నిటికన్నా పాతది ఇదే.

ఇది ఉత్తర ఇంగ్లండ్‌లోని బ్రాడ్‌ఫర్డ్ నగరంలో నేషనల్ సైన్స్ అండ్ మీడియా మ్యూజియం సేకరణలో ఉంది. 1983లో ఫొటోగ్రఫీ, సినిమా, టెలివిజన్ మూడింటికీ కలిపి ఈ మ్యూజియం పెట్టారు. 2017 నుంచి ఇప్పుడున్న పేరుతో నడుస్తోంది. 2025లో సౌండ్ అండ్ విజన్ అనే కొత్త గ్యాలరీలు కూడా తెరిచారు. లీడ్స్ నుంచి రైలెక్కితే ఇరవై నిమిషాల దారి. ప్రవేశం ఉచితం. లీడ్స్‌లోనో మాంచెస్టర్‌లోనో చదువుకుంటున్న మనవాళ్లు ఈ వీడియో చూస్తుంటే, ఒక శనివారం దీనికి కేటాయించండి.

ఇలాంటి చోట చాలామంది "ఇది మొదటిది, అది మొదటిది" అని బోర్డులు చదువుకుంటూ వెళ్లిపోతారు. అలా వెళ్తే ఏమీ గుర్తుండదు. ప్రతి యంత్రం ముందూ ఆగి ఒకే ప్రశ్న వేసుకోండి: దీనికి ఏం తక్కువైంది?

[తెరపై: చిన్న చెక్కపెట్టె కెమెరా]

టాల్బట్ కాగితాన్ని ఉప్పునీటిలో తడిపి, ఆరాక సిల్వర్ నైట్రేట్ పూసేవారు. కాగితంలో సిల్వర్ క్లోరైడ్ తయారయ్యేది. వెలుగు తగిలినచోట అది నల్లబడుతుంది. కిటికీ అద్దాలు నల్లగా, చట్రం తెల్లగా వచ్చింది అందుకే. అయితే ఆ కాగితం వెలుగును చాలా నెమ్మదిగా పట్టేది. పెద్ద కెమెరాలో పెడితే ఎంతసేపటికీ బొమ్మ పడేది కాదు. అందుకని ఆయన బుల్లి పెట్టెలు చేయించారు. బొమ్మ చిన్నదైతే వెలుగు ఒక్కచోటికి చేరుతుంది, కాగితం త్వరగా నల్లబడుతుంది. ఇంట్లో ఎక్కడపడితే అక్కడ కనిపించే ఆ పెట్టెలను ఆయన భార్య కాన్‌స్టన్స్ ఎలుకబోనులు అనేవారు. తీసిన కొత్తలో భూతద్దం పెట్టి చూస్తే దాదాపు 200 గళ్లు లెక్కపెట్టగలిగేవాళ్లమని టాల్బట్ ఆ నెగెటివ్ పక్కనే రాసుకున్నారు.

[తెరపై: లె ప్రిన్స్ కెమెరా, తర్వాత తోటలో నడుస్తున్న మనుషులు]

ఇక సినిమా. లీడ్స్‌లో స్థిరపడ్డ ఫ్రెంచ్ వ్యక్తి లూయీ లె ప్రిన్స్ 1888లో ఒకే లెన్స్ ఉన్న ఈ చెక్క కెమెరాతో రౌండ్‌హే అనే చోట, తన అత్తమామల ఇంటి తోటలో, కుటుంబసభ్యులు నడుస్తుంటే తీశారు. చూడటానికి రెండు సెకన్లు. కదిలే బొమ్మ తీయాలంటే ఫిల్మ్ ఆగాలి, షట్టర్ తెరుచుకోవాలి, మూసుకోవాలి, ఫిల్మ్ జరగాలి, మళ్లీ ఆగాలి. ఒక్క సెకనులో ఇదంతా ఎన్నోసార్లు జరగాలి. లె ప్రిన్స్ దీన్ని సాధించారు. ఆయనకు తక్కువైంది మంచి ఫిల్మ్. అప్పుడు దొరికింది కాగితపు రోలే. తెరమీద వేసి నలుగురికీ చూపించాలంటే పారదర్శకంగా, లాగితే చిరగకుండా ఉండే ఫిల్మ్ కావాలి. అది అందుబాటులోకి వస్తున్న రోజుల్లోనే, 1890 సెప్టెంబరులో, ఆయన దిజోన్ స్టేషన్‌లో పారిస్ రైలెక్కి కనిపించకుండా పోయారు. ఏమయ్యారో ఈ రోజుకీ ఎవరికీ తెలియదు. సినిమా చరిత్రలో ఇంతకన్నా బాధపెట్టే సంగతి నాకు తెలిసి లేదు.

[తెరపై: రంగు వేసిన బొమ్మ తలకాయ]

ఇతని పేరు స్టూకీ బిల్. మాటలాడించే బొమ్మ తల. టీవీ కోసం ప్రయోగాలు చేస్తున్న జాన్ లోగీ బైర్డ్ 1925 అక్టోబరులో టీవీలో స్పష్టంగా చూపించగలిగిన తొలి ముఖం ఇదే. పరికరంలో గుండ్రని పళ్లెం తిరుగుతుంటుంది. దాని మీద చుట్టలా వరుసగా రంధ్రాలు. ఒక్కో రంధ్రం ముఖం మీద ఒక్కో గీత మేర వెలుగును కొలుస్తుంది. మొత్తం 30 గీతలు. మన ఇళ్లలోని ఫుల్ హెచ్‌డీ టీవీలో 1080. ఇక్కడ తక్కువైంది వెలుగు. సన్నటి రంధ్రంలోంచి వచ్చే కాస్త వెలుగును పసిగట్టాలంటే ముఖం మీద భయంకరమైన లైట్లు వేయాలి. ఆ వేడిని మనిషి ఎక్కువసేపు తట్టుకోలేడు కాబట్టే బొమ్మను కూర్చోబెట్టారు. దగ్గరికెళ్లి చూడండి, ఆ ముఖం ఎంత దెబ్బతిందో. తర్వాత అదే భవనంలో పనిచేసే విలియం టేన్టన్ అనే కుర్రాడిని కూర్చోబెడితే వేడికి పక్కకి జరిగిపోయాడట. డబ్బులిచ్చి మళ్లీ కూర్చోబెట్టారు బైర్డ్.

[తెరపై: ఎర్ర, ఆకుపచ్చ, నీలం అంచులతో కదిలే బొమ్మ]

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది మాత్రం ఇది. ఎడ్వర్డ్ టర్నర్ అనే ఫొటోగ్రాఫర్ 1902 ప్రాంతంలో తన సొంత పిల్లలను రంగుల్లో తీశారు. వాడింది నలుపు తెలుపు ఫిల్మే. కెమెరా ముందు ఎర్ర, ఆకుపచ్చ, నీలం ఫిల్టర్లు తిరుగుతుంటాయి. మొదటి ఫ్రేము ఎర్ర ఫిల్టర్‌లోంచి, రెండోది ఆకుపచ్చలోంచి, మూడోది నీలంలోంచి. ఆ మూడింటినీ అవే రంగుల్లో ఒకదానిమీద ఒకటి సరిగ్గా పడేలా వేస్తే అసలు రంగులు వచ్చేస్తాయి. మీ ఫోన్ తెర కూడా ఈ మూడు రంగులతోనే బతుకుతోంది.

మరి తక్కువైంది? ప్రొజెక్టర్. మూడు బొమ్మలనూ కుదురుగా కలపడం దానివల్ల కాలేదు. 1903లో టర్నర్ హఠాత్తుగా చనిపోయారు. ఆయన తర్వాత ఈ పనిని చేపట్టినవాళ్లు రెండు రంగులతో సరిపెట్టుకుని కినిమాకలర్ అనే రంగుల సినిమా పద్ధతి తెచ్చారు. టర్నర్ ఫిల్ములు మ్యూజియం సేకరణలోకి వచ్చాయి. వాటిని గుర్తించి, స్కాన్ చేసి, కంప్యూటర్‌లో మూడేసి ఫ్రేములు కలిపి 2012లో చూపించారు. పిల్లలు, పొద్దుతిరుగుడు పూలు, గాజుపాత్రలో బంగారు చేప. ఒక పిల్ల చెయ్యి ఊపగానే చేతి చుట్టూ రంగుల అంచులు కనిపిస్తాయి. అది లోపం కాదు. మూడు ఫ్రేములూ మూడు వేర్వేరు క్షణాల్లో తీసినవి, ఆలోగా చెయ్యి జరిగిపోయింది.

[తెరపై: వంపు తిరిగిన పెద్ద తెర]

వెళ్లేముందు వెబ్‌సైట్ ఒకసారి చూసుకోండి. సేకరణలో ఉన్నవన్నీ ఒకేసారి బయట పెట్టరు. ముఖ్యంగా టాల్బట్ కాగితాల్లాంటివి వెలుగులో ఉంచేకొద్దీ పాడవుతాయి. వీలైతే అక్కడి పిక్చర్‌విల్ థియేటర్‌లో సినెరామా షో ఉన్న రోజు చూసుకుని వెళ్లండి. మూడు ప్రొజెక్టర్లతో వంపు తెరమీద వేసే ఈ పద్ధతి ఇప్పటికీ నడిచే థియేటర్లు ప్రపంచంలో వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. మ్యూజియం ఉచితమే గానీ, సినిమాకు టికెట్ కొనాలి. కూర్చున్నాక తెరమీద బొమ్మలు కలిసేచోట చూడండి, రెండు అతుకులు సన్నగా కనిపిస్తాయి.