బ్యాంకాక్‌లో నీళ్ళ దారి

శ్రోతలందరికీ నమస్కారం.

మనవాళ్ళు ఇప్పుడు బ్యాంకాక్ బాగా వెళ్తున్నారు. హైదరాబాద్‌లో విమానం ఎక్కితే నాలుగు గంటల్లోపే దిగిపోతాం. గడియారం గంటన్నర ముందుకు తిప్పుకుంటే సరిపోతుంది. వెళ్ళొచ్చినవాళ్ళని ఖర్చు ఎక్కడ అయిందని అడిగి చూడండి. తిండికి పెద్దగా కాలేదంటారు, గదికీ పెద్దగా కాలేదంటారు. ట్యాక్సీలకీ టుక్‌టుక్‌లకీ అయిపోయిందంటారు. పైగా ఆ ట్రాఫిక్‌లో సగం రోజు కూర్చునే గడిచిపోయిందంటారు.

అందుకే ఈరోజు ఒక్క సంగతే చెబుతాను. చేతిలో డబ్బు తక్కువగా ఉండి బ్యాంకాక్ చూడాలనుకుంటే నీళ్ళ మీద తిరగండి. రోడ్డు మీద కాదు, నీళ్ళ మీద.

బయల్దేరే ముందు చేయాల్సిన పని ఒకటుంది. 2025 మే 1 నుంచి థాయ్‌లాండ్‌లో అడుగుపెట్టే విదేశీయులంతా ఆన్‌లైన్‌లో రాక కార్డు నింపాలి. దిగే రోజుకు ముందు మూడు రోజుల్లోపు నింపాలి. దానికి పైసా కట్టక్కర్లేదు. డబ్బు కట్టమని అడిగిందంటే అది అక్కడి ప్రభుత్వం సైటు కాదు, వెంటనే మూసేయండి. వీసా నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి విమానం టికెట్ కొనకముందే అవి చూసుకోండి.

సువర్ణభూమి విమానాశ్రయం అడుగు అంతస్తు నుంచి ఊళ్ళోకి రైలు ఉంది. టికెట్ 15 నుంచి 45 బాట్ల వరకు. ఒక బాట్ అంటే మనకి రెండు, మూడు రూపాయల మధ్య. ఆ రైల్లో మక్కసన్ స్టేషన్‌లో దిగి కాస్త నడిస్తే ఒక కాలువ వస్తుంది. పేరు సెన్ సెప్. నేను చెప్పాలనుకున్నది ఈ కాలువ గురించే.

థాయ్‌లాండ్‌ని ఏలిన మూడో రామ రాజు కాలంలో, 1837లో తవ్వడం మొదలుపెట్టి 1840లో పూర్తిచేశారు. తూర్పు వైపు యుద్ధానికి సైన్యాన్నీ సామగ్రినీ తరలించడానికి తవ్విన కాలువ ఇది. ఇప్పుడు అందులో సైనికులకు బదులు ఆఫీసులకెళ్ళేవాళ్ళు, బడిపిల్లలు, కూరగాయల సంచులతో ఇంటికెళ్ళే ఆడవాళ్ళు ప్రయాణం చేస్తున్నారు. 1990 నుంచి అక్కడ పడవ సర్వీసు నడుస్తోంది. మన పల్లెవెలుగు బస్సు ఎలాగో, వాళ్ళకి ఈ పడవ అలాగ. పర్యాటకుల కోసం పెట్టింది కాదు. అందుకే నాకు ఈ పడవంటే అంత ఇష్టం.

ఎక్కడం ఎలాగో చెబుతాను, వినండి. రేవు అంచున పాత టైర్లు వేలాడదీసి ఉంటాయి. పొడుగాటి పడవ డీజిల్ ఇంజన్ మోతతో వచ్చి ఆ టైర్లకి రాసుకుంటూ నిలబడుతుంది. ఒకతను తాడుని రేవు గుంజకి ఒక్క చుట్టు చుట్టి పట్టుకుంటాడు. ముడి వెయ్యడు, వేసేంత సమయం ఉండదు. ఆ కాస్త సేపట్లోనే దిగేవాళ్ళు దిగాలి, ఎక్కేవాళ్ళు ఎక్కాలి. పడవకి తలుపంటూ ఉండదు. అంచు మీద కాలు పెట్టి, పైన వేలాడే తాడు పట్టుకుని, లోపలి బల్లల మధ్యకి దిగాలి. మొదటిసారి కాస్త టెన్షన్‌గానే ఉంటుంది. కంగారు పడకండి. పక్కనున్నవాళ్ళు చెయ్యి అందిస్తారు.

పడవకి రెండు పక్కలా టార్పాలిన్ పరదాలు ఉంటాయి. వాటిని పైకి లాగే తాళ్ళు అంచున కూర్చున్నవాళ్ళకి అందేలా ఉంటాయి. ఎదురుగా ఇంకో పడవ వస్తే అల లేచి నీళ్ళు లోపలికి చిమ్ముతాయి. ఆ నీళ్ళు నల్లగా ఉంటాయి, వాసన కూడా వస్తుంది. ఆ మాట దాచను. అందుకని పడవ దగ్గరికి రాగానే అంచున కూర్చున్నవాళ్ళు తాడు లాగుతారు, పరదా లేస్తుంది. ఆ పడవ దాటిపోగానే వదిలేస్తారు, పరదా దిగుతుంది. ఎవరూ ఎవరికీ చెప్పరు. ఫోన్ చూసుకుంటూనే ఒక చేత్తో లాగి, వదిలేస్తారు. మీరు అంచున కూర్చున్నారా, ఆ పని మీదే. తాడు లాగండి. అంతవరకూ పరాయిగా ఉన్న ఊరు ఆ ఒక్క పనితో దగ్గరైపోతుంది.

టికెట్ కొట్టే మనిషి తలకి హెల్మెట్ పెట్టుకుని, పడవ బయట అంచు మీద నడుస్తూ వస్తాడు. దిగే రేవు పేరు చెప్పి డబ్బివ్వాలి. పది, పదిహేను, ఇరవై బాట్లు, ఆ దరిదాపుల్లోనే ఉంటుంది. వంతెన మరీ కిందకి ఉన్నచోట పడవ పైకప్పే కిందికి దిగుతుంది. బయట నిలబడ్డ అతనూ అలవాటుగా వంగిపోతాడు. వంతెన దాటాక మళ్ళీ అందరి దగ్గరా డబ్బులు తీసుకుంటూ ఉంటాడు.

పడమటి కొసకి వెళ్ళాలంటే ప్రతునామ్ రేవులో దిగి రెండో పడవ ఎక్కాలి. టికెట్ ముక్క పారెయ్యకండి, అక్కడ చూపించాలి. ప్రతునామ్ బట్టల టోకు బజారు. అది దాటాక బాన్ క్రువా అనే పేట వస్తుంది. చామ్ అనే జాతి ముస్లింలు తరాలుగా పట్టు నేసిన పేట అది. థాయ్ పట్టుని ప్రపంచానికి అమ్మిన జిమ్ థాంప్సన్ అనే అమెరికన్, కాలువకి ఈ ఒడ్డున ఇల్లు కట్టుకుని ఆ ఒడ్డున నేయించేవాడు. 1967లో మలేసియా కొండల్లో నడకకి వెళ్ళి మరి కనబడలేదు. పోచంపల్లి నుంచో చీరాల నుంచో వెళ్ళేవాళ్ళు ఇక్కడ తప్పకుండా దిగి చూడాలని నా కోరిక.

చివరి రేవు పాన్ఫా. దిగగానే స్వర్ణగిరి గుడి, ఇంగ్లీషులో గోల్డెన్ మౌంట్ అంటారు, కనిపిస్తుంది. అక్కణ్ణుంచి పాత ఊరంతా కాళ్ళతోనే తిరగొచ్చు. విమానాశ్రయం నుంచి ఇక్కడిదాకా రైలుకీ పడవకీ కలిపి ట్యాక్సీ ఖర్చులో నాలుగో వంతు కూడా కాదు. ఒక్క షరతు. వీపు మీద సంచి ఉంటేనే ఈ దారి. పెద్ద సూట్‌కేసుతో ఆ పడవ ఎక్కడం ఎవరికీ మంచిది కాదు.

ఇక అసలు నది, చావో ప్రాయా. సఫాన్ తాక్సిన్ స్టేషన్‌లో ఆకాశ రైలు, అంటే స్తంభాల మీద నడిచే మెట్రో, దిగితే కిందే రేవు. అక్కడ నీలం జెండా పర్యాటక పడవ ఎక్కమని గట్టిగా పిలుస్తారు. మీరు నారింజ జెండా చూసుకోండి. దానికి ఎంత దూరమైనా ఒకటే టికెట్. కొన్నేళ్ళుగా 16 బాట్లు ఉంటూ వచ్చింది. 46 మీటర్ల శయన బుద్ధుడున్న వాట్ ఫో గుడి, అవతలి ఒడ్డున వాట్ అరుణ్ గుడి, చైనా బజారు, రాజభవనం, ఖావో సాన్ వీధి, అన్నీ ఈ నదికి నడక దూరమే.

రాజభవనం టికెట్ మాత్రం 500 బాట్లు. డబ్బు చూసుకుని మానెయ్యకండి. లోపల గుడి చుట్టూ వసారా గోడల మీద రామాయణం మొత్తం 178 చిత్రాల్లో ఉంది. అది వాళ్ళ రామాయణం. మనకి తెలియని మలుపులు చాలా ఉంటాయి. వారధి రాళ్ళు ఎత్తుకుపోయే మత్స్యకన్య ఒకతె, రావణుడి కూతురే, హనుమంతుడి ప్రేమలో పడుతుంది. వాళ్ళ కొడుకే మైరావణుడి పాతాళానికి కాపలా ఉంటాడు. మన మత్స్యవల్లభుడి కథ విన్నవాళ్ళు ఆ గోడ ముందు నుంచి కదల్లేరు. ఇంకో మాట. గేటు దగ్గర ఎవరైనా వచ్చి, ఈరోజు మూసేశారు, టుక్‌టుక్‌లో వేరేచోటికి తీసుకెళ్తాను అంటే నమ్మకండి. చివరికి రత్నాల కొట్టు దగ్గర దింపుతారు. నేరుగా టికెట్ కౌంటర్‌కి నడవండి.

శాకాహారులకి భయమక్కర్లేదు. పసుపు జెండా మీద ఎర్ర అక్షరం కట్టిన బండి కనిపిస్తే, అక్కడ మాంసం ఉండదు, చేపల సాస్ ఉండదు, ఉల్లీ వెల్లుల్లీ కూడా ఉండవు. పహురాత్ బజారులో గురుద్వారా ఉంది. లంగర్‌లో, అంటే అక్కడ అందరికీ పెట్టే ఉచిత భోజనంలో, అందరితో పాటు కూర్చుని రొట్టె, పప్పు తినొచ్చు.

గది మాట చివరికి ఉంచాను. చాలామంది అద్దె చూసి గది తీసుకుంటారు. ఊరి చివర చౌకగా దొరికిన గది, రోజూ ట్యాక్సీ ఎక్కితే ఖరీదైపోతుంది. బుక్ చేసే ముందు మ్యాప్ తెరిచి, దగ్గర్లో పడవ రేవు గానీ రైలు స్టేషన్ గానీ ఉందా అని చూడండి. పది నిమిషాల నడకలో ఉంటేనే తీసుకోండి. హాస్టల్‌లో ఒక మంచమే అయినా, రేవు పక్కన ఉంటే అదే మేలు.

పడవలో పెద్ద నోటు ఇస్తే ఇబ్బంది పడతారు. ఏటీఎంలో వచ్చేవి ఎక్కువగా పెద్ద నోట్లే. పైగా విదేశీ కార్డుతో తీసిన ప్రతిసారీ 200 బాట్లకి పైనే రుసుము పడుతుంది. కాబట్టి ఒకేసారి తీసుకుని, వీధి చివరి దుకాణంలో నీళ్ళ సీసా కొని నోటు మార్చుకోండి. ఆకుపచ్చ ఇరవై బాట్ల నోట్లు జేబులో ఉండాలి. ఈ పడవలు రాత్రంతా తిరగవు. చీకటి పడ్డాక కాసేపటికే ఆగిపోతాయి, శని, ఆదివారాల్లో ఇంకా ముందే. పొద్దున ఎక్కేటప్పుడే చివరి పడవ ఎన్నింటికో రేవులో అడిగి పెట్టుకోండి. అది తప్పిపోతే మెట్రో అర్ధరాత్రి దాకా ఉంటుంది.

సెలవు.